మూసుకున్న పుండు మానినట్లేనా?

గురజాల నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం రాశారు. ఆమె తండ్రికి పదిహేనేళ్లుగా చక్కెర వ్యాధి ఉన్నది. కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో లేచిన పుండు ఏడు నెలల తరువాత మూసుకున్నది. కట్టు తీసివేసిన రోజున ఆయన అడిగిన మొదటి మాట, "ఇక మస్జిద్‌కు నడిచి వెళ్లవచ్చునా? పాదం మీద నీళ్లు పోసుకుని వుజూ చేసుకోవచ్చునా?" అని. ఇంట్లో అందరూ సంతోషంతో సరేనన్నారు. కూతురికి మాత్రం సందేహం తీరలేదు. "రెండేళ్ల కిందట కూడా ఇలాగే మూసుకున్నది. మూడు నెలలు తిరగకుండానే అదే చోట మళ్లీ లేచింది. అప్పుడు పక్కవేలు తీసివేయవలసి వచ్చింది. ఈసారి నిజంగా మానిందో లేదో మాకు ఎలా తెలుస్తుంది? అబ్బాజాన్‌ను మస్జిద్‌కు వెళ్లవద్దని చెప్పడానికి మాకు నోరు రావడం లేదు" అని ఆమె రాశారు.

ఈ ఉత్తరానికి విడిగా సమాధానం పంపాము. అయితే ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. మధుమేహ రోగులలో ఐదుగురిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు పాదపుండు బారిన పడతారని వైద్య ప్రపంచం అంచనా. కనుక ఈ నెల శీర్షికను ఆ సోదరి ప్రశ్నకే కేటాయిస్తున్నాము.

కంటికి కనిపించేది ఎంత?

పుండు మానిందని వైద్యులు ఎప్పుడు అంటారు? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లో ఒక నిర్వచనం ఇచ్చింది. పుండు మీద కొత్త చర్మం పూర్తిగా పరుచుకోవాలి, రసి కారకూడదు, కట్టు అవసరం ఉండకూడదు. రెండు వారాల ఎడంతో రెండుసార్లు చూసినప్పుడు ఇదే స్థితి కనబడాలి. ఔషధ పరీక్షలలో ఎక్కువగా ఈ కొలబద్దనే పాటిస్తారు. ఇది ప్రధానంగా కంటితో చేసే నిర్ణయం.

కానీ తరువాత ఏమి జరుగుతున్నదో చూడండి. పాదపుండు మానిన ప్రతి 100 మందిలో సుమారు 40 మందికి ఏడాది లోపే మళ్లీ పుండు పడుతున్నది. ఐదేళ్లు గడిచేసరికి ఆ సంఖ్య 65 దాకా చేరుతున్నది. అంటే మానిందని కన్ను చెప్పిన చోట కంటికి అందని లోపం ఏదో మిగిలిపోతున్నదన్న మాట. ఆ లోపాలలో ఒకటి చర్మపు రక్షణ శక్తికి సంబంధించినది.

రాళ్లు పేర్చిన గోడ

మాచర్ల, దాచేపల్లి నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నం మన పల్నాడు వారికి తెలియనివి కావు. వాటితో కట్టిన గోడను ఒకసారి ఊహించుకోండి. మన చర్మపు పైపొర నిర్మాణం కూడా అటువంటిదే. చదునైన, గట్టిపడిన మృతకణాలు రాళ్ల వలె వరుసలు తీరి ఉంటాయి. సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు పదార్థం సున్నం వలె వాటి సందులను పూడ్చి ఉంచుతుంది. దాని కింద ఉన్న సజీవ కణాలను కొన్ని ప్రొటీన్లు ఒకదానితో ఒకటి బిగించి పట్టి ఉంచుతాయి. ఈ ఏర్పాటు రెండు పనులు చేస్తుంది. ఒంటిలోని తేమను బయటికి పోనివ్వదు. బయటి క్రిములను లోపలికి రానివ్వదు.

పుండు మానేటప్పుడు అంచుల నుంచి కొత్త కణాలు పాకుతూ వచ్చి మధ్యలో కలుసుకుంటాయి. అవి కలుసుకున్న రోజున పుండు మూసుకున్నట్లు మనకు కనిపిస్తుంది. నిజానికి అది రాళ్లు పేర్చడం పూర్తయిన రోజు మాత్రమే. సందులు పూడవలసి ఉన్నది, పూడినది గట్టిపడవలసి ఉన్నది. కొత్త గోడకు నీళ్లు పెట్టి, దాని మీద బరువు మోపకుండా కొన్నాళ్లు ఆగమని మేస్త్రీ ఎందుకు చెబుతాడో మనకు తెలుసు. లోపలి కణజాలం సంగతీ అంతే. దాని బలం నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. ఎంత కాలం గడిచినా మచ్చపడిన చోటు మునుపటి బలంలో సుమారు 80 శాతాన్ని మించదు.

గోడ సందులను కొలిచే విధానం

గోడలో సందు ఉన్నదో లేదో తెలుసుకోవాలంటే చెమ్మ ఎక్కడ ఊరుతున్నదో చూస్తాము. శాస్త్రజ్ఞులు చర్మం విషయంలోనూ అదే చేస్తున్నారు. ఒక చిన్న గొట్టం వంటి పరికరాన్ని చర్మం మీద నిలిపి ఉంచుతారు. చర్మానికి దగ్గరగా ఒక చోట, కొంచెం పైన మరొక చోట గాలిలోని తేమను అది కొలుస్తుంది. ఆ రెండింటి తేడాను బట్టి ఒక చదరపు మీటరు చర్మం గుండా గంటకు ఎన్ని గ్రాముల నీరు ఆవిరైపోతున్నదో లెక్క తేలుతుంది. సూది గుచ్చవలసిన పని లేదు, నొప్పి ఉండదు. లెక్క ఎక్కువగా వస్తే గోడ ఇంకా కారుతున్నదని అర్థం.

అయితే చెమట ఈ లెక్కను తారుమారు చేస్తుంది. అందువల్ల రోగిని చల్లని గదిలో కొంతసేపు విశ్రాంతిగా కూర్చోబెట్టిన తరువాతనే కొలుస్తారు. అరికాలి చర్మం నుంచి సహజంగానే ఎక్కువ తేమ పోతుంది. కనుక పుండు మానిన చోటును చేతితోనో ముఖంతోనో పోల్చకూడదు. అదే వ్యక్తి పాదంలోని ఆరోగ్యకరమైన చర్మంతో పోల్చాలి.

పాదపుండ్ల విషయంలో ఈ కొలతను ముందుకు తెచ్చిన వారిలో అమెరికాలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రజ్ఞుడు ఆచార్య చందన్ సేన్ ముఖ్యులు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ నిధులతో పలు వైద్య కేంద్రాలు కూటమిగా ఏర్పడి దీనిని పరీక్షించాయి. పుండు మూసుకున్న రోగులకు ఆ చోట తేమ నష్టాన్ని కొలిచి, తరువాత 16 వారాల పాటు వారిని గమనించాయి. తేమ ఎక్కువగా పోతున్న వారిలో పుండు తిరగబెట్టడం మిగిలిన వారికంటే దాదాపు రెండింతలుగా కనిపించింది. కంటికి మాత్రం ఇద్దరి పాదాలూ ఒకే విధంగా మానినట్లు కనిపించాయి.

ఇలా ఎందుకు జరుగుతుందో కూడా సేన్ బృందం పరిశోధించింది. పుండులో క్రిములు జిగట పొర అల్లుకుని స్థిరపడితే, కణాలను బిగించి ఉంచే ప్రొటీన్ల తయారీని అవి అణచివేస్తున్నాయి. అప్పుడు పుండు పైకి మూసుకుంటుంది గానీ బిగింపు లేకుండా మూసుకుంటుంది. మాటిమాటికీ చీము పట్టి, చాలాకాలం సాగి మూసుకున్న పుండును మరింత అనుమానంతో చూడవలసిన కారణం ఇదే.

ఈ పరికరం ఇప్పటికి ప్రధానంగా పరిశోధనల్లోనే వాడుకలో ఉన్నది. నరసరావుపేటలోనో మాచర్లలోనో ఆసుపత్రికి వెళ్లి ఈ కొలత తీయమని అడగడం వల్ల ప్రయోజనం ఉండకపోవచ్చు. కానీ ఆ పరిశోధన సారం మన ఇంటికి పనికి వస్తుంది. పుండు మూసుకున్న తరువాత మొదటి నాలుగు నెలలను చికిత్సలో భాగంగానే లెక్కించాలి.

నొప్పి తెలియని పాదం

లోపం చర్మంలో మాత్రమే ఉంటే ఇంత ప్రమాదం ఉండేది కాదు. చాలాకాలం చక్కెర అదుపు తప్పినప్పుడు పాదాల నరాలు దెబ్బతింటాయి. స్పర్శ పోతుంది, చెమట తగ్గుతుంది, చర్మం ఎండి పగుళ్లు బారుతుంది. ఒత్తిడి పడే చోట ఆనెకాయ కడుతుంది. దాని కింద కండ నలిగినా మనిషికి తెలియదు.

ఈ సత్యాన్ని ప్రపంచానికి విడమరిచి చూపిన పరిశోధన మన పొరుగున వెల్లూరులోనే జరిగింది. 1946లో అక్కడి వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. వారి మాంసం దానంతట అది కుళ్లిపోవడం లేదని, నొప్పి తెలియక అదే చోట మళ్లీ మళ్లీ బరువు మోపడం వల్ల పుండ్లు పడుతున్నాయని ఆయన గ్రహించారు. మెత్తని అడుగు ఉన్న చెప్పులతో, ఒత్తిడి తగ్గించే పట్టీలతో ఆ పాదాలను కాపాడారు. తరువాత అమెరికాలో అదే జ్ఞానం మధుమేహ రోగులకు అన్వయమైంది. ఇవాళ మన బజారులో దొరికే ఎంసీఆర్ చెప్పుల వెనుక ఆ కుష్ఠు ఆసుపత్రుల అనుభవం ఉన్నది.

మన నేల, మన అలవాట్లు

పల్నాడులో కొత్త చర్మానికి పరీక్షలు ఎక్కువ. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. వేసవి మధ్యాహ్నం మస్జిద్ ఆవరణలోని రాతి పలకల మీద నాలుగడుగులు వేస్తే స్పర్శ ఉన్నవారు ఎగిరి గంతు వేస్తారు. స్పర్శ లేనివారు నింపాదిగా నడిచి వెళతారు, సాయంత్రానికి అరికాలు బొబ్బలెక్కుతుంది. మేడ మీది ట్యాంకులో కాగిన నీరు జుహర్ వేళకు కుళాయిలో సలసలమంటూ వస్తుంది. దానిని నేరుగా పాదం మీదికి వదలడం మరొక ప్రమాదం. మిరప చేలో, పత్తి చేలో వట్టికాళ్లతో తిరిగేవారికి మోళ్లు గుచ్చుకుంటాయి.

సున్నం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆరోగ్యకరమైన చర్మం ఉపరితలం కొద్దిగా ఆమ్ల గుణం కలిగి ఉంటుంది. పైపొరలోని జిడ్డు సరిగా ఏర్పడటానికి ఆ గుణం అవసరం. సున్నం దానికి పూర్తిగా విరుద్ధమైన క్షారం. బట్టీలలో పనిచేసేవారి పాదాలు పగలడం ఇందుకే. వాపు మీద, ఆనెకాయ మీద సున్నం, బెల్లం కలిపి పట్టు వేసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉన్నది. మధుమేహ రోగి పాదానికి అది ఎంతమాత్రం వద్దు. ఆనెకాయలకు అమ్మే మందు పట్టీలూ వద్దు, బ్లేడుతో చెక్కడమూ వద్దు.

ఇంట్లో చేయగల పరీక్ష

యంత్రం లేకపోయినా కన్ను, చేయి ఉన్నాయి. రోజూ ఒక వేళ నిర్ణయించుకుని, మంచి వెలుతురులో, కుటుంబ సభ్యులలో ఒకరు ఈ కింది విషయాలు గమనించాలి.

1. పాదానికి తొడిగిన తెల్లని నూలు మేజోడు సాయంత్రానికి మచ్చపడిన చోట తడిగా గానీ పసుపు మరకతో గానీ ఉన్నదా? ఉంటే పుండు ఇంకా కారుతున్నదని అనుమానించాలి.

2. కొత్త చర్మం పలుచగా, మెరుస్తూ, ఎర్రగా ఉన్నదా? ఎండి పొరలుగా లేస్తున్నదా? అంచున పగులు కనిపిస్తున్నదా?

3. మూసుకున్న చోట మళ్లీ ఆనె కడుతున్నదా? దాని కింద నల్లగా లేదా ఎర్రగా నెత్తురు చారిక ఉన్నదా? చర్మం తెగకముందు కనిపించే హెచ్చరిక ఇది. ఆ వారంలోనే వైద్యునికి చూపించాలి.

4. రెండు పాదాలలో ఒకే చోటును పోల్చి చూస్తే ఒకటి వెచ్చగా ఉన్నదా? ఉపరితల ఉష్ణోగ్రత చూపే థర్మామీటరు ఇంట్లో ఉంటే దానితో చూడవచ్చు. రెండు పాదాల మధ్య తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ మించి వరుసగా రెండు రోజులు కనిపిస్తే నడక తగ్గించి వైద్యుని సంప్రదించాలి. కొత్త పుండ్లను ముందుగా పసిగట్టడానికి ఈ లెక్క ఉపయోగపడుతుందని పరిశోధనలు తేల్చాయి.

5. వేళ్ల సందులలో చర్మం తెల్లగా నాని ఉన్నదా?

ఎండిన చర్మానికి ఔషధ దుకాణంలో దొరికే యూరియా కలిసిన లేపనం గానీ వాజ్‌లైన్ గానీ పలుచగా రాయవచ్చు. వేళ్ల సందులలో మాత్రం రాయకూడదు. తెగిన చోట రాయకూడదు. పాదం వాచినా, చీము కనిపించినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా మరునాటి దాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏడాదికి ఒకసారైనా వైద్యుని చేత సన్నని నైలాన్ పోగుతో అరికాలి స్పర్శను, పాదం నాడిని పరీక్ష చేయించుకోవాలి. ఒకసారి పుండు పడినవారు ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి పాదాలు చూపించుకోవడం అవసరం.

వుజూ, నమాజు

ఇప్పుడు ఆ పెద్దాయన అడిగిన మాటకు వద్దాము. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) కాలంలో జరిగిన ఒక ఉదంతం అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉన్నది. ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు గాయమైంది. అతనికి స్నానం విధి అయినప్పుడు, తయమ్ముమ్ చేసుకునే సడలింపు తనకు ఉన్నదా అని తోటివారిని అడిగాడు. లేదని వారు చెప్పారు. అతడు స్నానం చేసి మరణించాడు. ఈ సంగతి తెలిసి ప్రవక్త తీవ్రంగా బాధపడ్డారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవడమే అజ్ఞానానికి మందు అని హెచ్చరించారు. ధర్మం ఇచ్చిన వెసులుబాటును రోగికి అందకుండా చేయడం ఎంత పెద్ద తప్పో ఈ ఉదంతం చెబుతున్నది.

పుండు తెరిచి ఉండి, నీరు తగిలితే హాని అని వైద్యుడు చెప్పినప్పుడు కట్టు మీద మసహ్ చేసే అనుమతి ఉన్నది. మూసుకున్న పాదానికి మామూలుగా కొద్దిసేపు నీరు తగలడం వల్ల ప్రమాదం లేదు. ప్రమాదం రెండు విషయాలలో ఉన్నది. వేడి నీరు ఒకటి, తడి ఆరకపోవడం మరొకటి. నీటి వేడిని ముందు మోచేతితో చూసుకోవాలి. వుజూలో వేళ్ల సందులలోకి నీరు చేరేలా వేలు పోనిచ్చి కడగమని ప్రవక్త నేర్పారు. కడిగిన ప్రతిసారీ మెత్తని గుడ్డతో ఆ సందులను అద్ది ఆరబెట్టుకోవాలి. రోజుకు ఐదుసార్లు తన పాదాన్ని చేతితో తాకి చూసే మనిషికి, మార్పును అందరికంటే ముందు గుర్తించే అవకాశం ఉన్నది. ఆ తాకిడిలో కాస్త గమనిక కలిస్తే చాలు.

వుజూతో తొడిగిన తోలు మేజోళ్ల మీద మసహ్ చేసే సౌలభ్యం ఊరిలో ఉన్నవారికి ఒక పగలు, ఒక రాత్రి వరకు ఉన్నది. దానిని వాడుకునేవారు మేజోడు లోపల కుట్టు ఒరుసుకోకుండా చూసుకోవాలి, రోజూ విప్పి పాదాన్ని పరిశీలించాలి. వివరాలకు మీ ఊరి ఆలిమ్‌ను అడగండి.

నమాజులో కూర్చునేటప్పుడు కుడి పాదాన్ని నిలిపి వేళ్లను వంచి ఉంచుతాము. అప్పుడు ఒత్తిడి బొటనవేలి మొదట్లో పడుతుంది. మధుమేహ పుండ్లు తరచూ లేచే చోటు కూడా అదే. కనుక కొత్తగా మానిన పాదం ఉన్నవారు కుర్చీ మీద నమాజు చేయడానికి సంకోచించనక్కరలేదు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేయవచ్చునని ప్రవక్త స్వయంగా బోధించారు.

మస్జిద్‌కు వెళ్లేటప్పుడు వెనుక పట్టీ ఉన్న మెత్తని చెప్పులు వేసుకోవాలి. లోపల వాడుకోవడానికి మాత్రమే శుభ్రమైన, మందమైన మేజోళ్లు గానీ, ఇమాము సాహెబు అనుమతితో వేరొక జత మెత్తని పాదరక్షలు గానీ ఉంచుకోవచ్చు. ప్రవక్త చెప్పులతో నమాజు చేసిన సందర్భాలు ఉన్నాయని అనస్ (రజియల్లాహు అన్హు) తెలిపారు. మస్జిద్ కమిటీ వారికి మా మనవి ఒకటి. వుజూఖానా నుంచి లోపలి దాకా వేసవిలో జనపనార పట్టా పరిచి, గుమ్మం దగ్గర రెండు కుర్చీలు వేయించండి. ఖర్చు స్వల్పం. దాని వల్ల ఒక పెద్దాయన పాదం నిలవవచ్చు.

గురజాల సోదరికి

అమ్మా, మీ సందేహం సరైనదే. అబ్బాజాన్‌ను మస్జిద్‌కు వెళ్లవద్దని చెప్పనక్కరలేదు. మొదటి వారాలలో ఇంట్లోనే కుర్చీ మీద నమాజు చేయనివ్వండి. వైద్యుని సలహాతో రోజుకు కొద్ది నిమిషాల నడకతో మొదలుపెట్టి, ప్రతి నడక తరువాత పాదం చూస్తూ, వారం వారం పెంచండి. ఇంట్లో కూడా వట్టికాళ్లతో అడుగు వేయనీయకండి. తరువాత బండి మీద మస్జిద్ గుమ్మం దాకా దింపండి. నాలుగు నెలలు నిండి, మచ్చ పొడిగా, గట్టిగా, పక్క చర్మం రంగులో ఉంటే అప్పుడు నడక సంగతి వైద్యునితో మాట్లాడండి. ఆ తరువాత కూడా సాయంత్రం పూట పాదాలు చూడటం మానవద్దు.

మన దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని కాపాడుకోవడానికి ఓపిక పట్టడం ఆరాధనకు అడ్డం కాదు. మీ తండ్రిగారికి అల్లాహ్ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! తన రెండు పాదాల మీద నిలబడి ఆయన చాలా కాలం నమాజు చేసే భాగ్యాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.